నాలుగు ట్రాకులు చాలిన ఊరు

క్రిస్ నాక్స్‌కీ ఎలెక్ బాత్‌గేట్‌కీ 1981లో డ్రమ్మర్ లేడు. కావాలనే పెట్టుకోలేదు. అంతకుముందు వాళ్ల బ్యాండు టాయ్ లవ్ ఆస్ట్రేలియా వెళ్లి పెద్ద స్టూడియోలో ఆల్బమ్ చేసింది. వేదిక మీద ఉన్న ఊపంతా అందులో చచ్చిపోయిందని ఇద్దరికీ విసుగు పుట్టింది. ఇక చాలనుకుని టాల్ డ్వార్ఫ్స్ అని పేరు పెట్టుకుని ఇంట్లో కూర్చున్నారు. చప్పట్లు కొట్టారు, చేతికందిన వస్తువు మీదల్లా దరువేశారు. టేపు మీదికెక్కిన ఆ చప్పుళ్లలో నచ్చిన ముక్కను బ్లేడుతో కోసి, రెండు కొసలూ అతికించి యంత్రానికి తగిలిస్తే అదే దరువు ఆగకుండా తిరుగుతుంది. కోత వెంట్రుకవాసి అటూఇటూ అయితే తాళం కుంటుతుంది. కంప్యూటర్ గీసిన గీతలో నడిచే ఈనాటి దరువులు విని విని విసిగిన నా చెవికి ఆ కుంటుడే ముద్దొస్తుంది.

వీళ్లిద్దరూ డ్యునెడిన్‌లో ఎనిమీ అనే పంక్ బ్యాండులోంచి వచ్చినవాళ్లు. న్యూజీలాండ్ దక్షిణ దీవిలో, కింది కొసకు దగ్గరగా, లక్ష పైచిలుకు జనం ఉన్న ఊరు డ్యునెడిన్. 1848లో స్కాట్లాండ్ వాళ్లు వచ్చి స్థిరపడ్డారు, 1869లో ఒటాగో విశ్వవిద్యాలయం వచ్చింది, దాంతో విద్యార్థులూ చవక అద్దెలూ వచ్చాయి. చలికి బయటికి పోలేక కుర్రాళ్లంతా గిటార్లు పట్టారని అంటుంటారు. ఊటీలోనూ చలి ఉంది, అక్కడెందుకు పట్టలేదో మరి! ఆ సంగతి అలా ఉంచి పాటల దగ్గరికి పోదాం.

హేమిష్, డేవిడ్ కిల్గౌర్ అన్నదమ్ములు 1978లో ఈ ఊళ్లోనే మొదలుపెట్టిన బ్యాండు ద క్లీన్. రాబర్ట్ స్కాట్ తర్వాత బాస్ పట్టుకున్నాడు. క్రైస్ట్‌చర్చ్‌లో రికార్డుల దుకాణంలో పనిచేసే రోజర్ షెపర్డ్ 1981లో ఫ్లయింగ్ నన్ అనే కంపెనీ పెట్టి, రెండో రికార్డుగా వీళ్ల 'టాలీ హో' తెచ్చాడు. ఖర్చు యాభై అరవై డాలర్లని చెప్తారు. అది దేశం చార్టుల్లో 19వ స్థానానికి ఎక్కి కూర్చుంది. అందులో కీచుమంటూ వెంటపడే ఆర్గన్ వాయించినవాడు, ఆ తర్వాత ద చిల్స్ నాయకుడిగా పేరు తెచ్చుకున్న మార్టిన్ ఫిలిప్స్. అయినా ఆ ఏడాది అసలు ఘనకార్యం అది కాదు. క్లీన్ ఆక్లండ్ వెళ్లి, నాక్స్ దగ్గరున్న టియాక్ నాలుగు ట్రాకుల రీల్ యంత్రం మీద, రికార్డింగ్ పనికి డగ్ హుడ్ తోడుగా, అయిదు పాటల 'బూడుల్ బూడుల్ బూడుల్' చేసింది. అది అయిదో స్థానానికి ఎక్కి నెలల తరబడి చార్టుల్లోనే ఉండిపోయింది. ఇంట్లో వాడే యంత్రం మీద చేసిన సరుకు కోటలాంటి స్టూడియోల సరుకుతో భుజం కలిపి నిలబడింది. దాంట్లో చివరి పాటను, డేవిడ్ గిటార్ ఒకే స్వరం చుట్టూ గింగిరాలు కొట్టే ఆ పాటను, హెడ్‌ఫోన్స్‌లో ఒక్కసారి వినండి. తర్వాత మాట్లాడదాం.

నాలుగు ట్రాకుల్లో ఏముందంత గొప్ప అని అడిగేవాళ్లకు పని తీరు చెప్పాలి. ట్రాకంటే టేపు మీద ఒక వరుస. డ్రమ్స్, బాస్, గిటార్ మూడు వరుసల మీద పడ్డాయనుకోండి, మిగిలింది ఒక్కటి. ఇంకా గొంతు ఉంది, రెండో గిటార్ ఉంది, వెనకపాట ఉంది. అప్పుడు మొదటి మూడింటినీ కలిపి నాలుగోదాని మీదికి దింపుతారు. దీన్ని బౌన్స్ చేయడం అంటారు. ఖాళీ అయిన మూడింటి మీద కొత్తవి ఎక్కిస్తారు. ఎక్కించాక పాతవి పోయినట్టే. బాస్ ఎంత ఉండాలి, డ్రమ్స్ ఎంత వెనక్కి తగ్గాలి అన్నది గొంతు పాడకముందే తేలిపోవాలి. రేపు చూద్దాంలే అనే వీలు లేదు. దింపిన ప్రతిసారీ టేపు బుస కొంచెం పెరుగుతుంది, సింబల్స్ మెరుపు కొంచెం మాస్తుంది. ఆ బుస ఎవరూ సోకుకి పూసింది కాదు, తీసుకున్న నిర్ణయాలకు కట్టిన రుసుం. 1979లో టియాక్ వాళ్ల టాస్కామ్ కంపెనీ పోర్టాస్టూడియో పేరుతో కేసెట్ మీదే ఈ పని చేసే పెట్టె తెచ్చింది. మామూలు కేసెట్‌నే రెట్టింపు వేగంతో, రెండు వైపుల వరుసలూ ఒకేసారి వాడుకుంటూ నడుపుతుంది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అంతటివాడు 1982లో 'నెబ్రాస్కా'ను అలాంటి పెట్టె మీదే పడకగదిలో పాడి, తర్వాత బ్యాండుతో ఎంత ప్రయత్నించినా ఆ రుచి రాక, కేసెట్‌లో ఉన్నదాన్నే విడుదల చేశాడు.

అదే 1982లో ఫ్లయింగ్ నన్ 'డ్యునెడిన్ డబుల్' తెచ్చింది. రెండు రికార్డులు, నాలుగు వైపులు, వైపుకో బ్యాండు: చిల్స్, స్నీకీ ఫీలింగ్స్, స్టోన్స్, వెర్లేన్స్. మళ్లీ ఆ నాలుగు ట్రాకులే, మళ్లీ నాక్స్, హుడ్‌లే. రికార్డింగ్ మరీ పలచగా ఉందని అప్పుడూ గొణిగారు, ఇప్పుడూ గొణుగుతారు. గొణగనివ్వండి. వెర్లేన్స్ గ్రేమ్ డౌన్స్ సామాన్యుడు కాదు, మాలర్ సింఫనీల మీద పీహెచ్‌డీ చేసి ఒటాగోలో పాఠాలు చెప్పినవాడు. 'డెత్ అండ్ ద మెయిడెన్' పాట నడుమ ఉన్నట్టుండి వాల్ట్జ్ నడకలోకి దూకించి మళ్లీ వెనక్కి తెస్తాడు. ఆ సాహసం వినడానికి నలభై ట్రాకులు అక్కర్లేదు. చిల్స్ 'పింక్ ఫ్రాస్ట్' స్టూడియోలో చేసిందే, ఒప్పుకుంటాను. డ్రమ్స్ వాయించిన మార్టిన్ బుల్ 1983లో లుకేమియాతో పోయాక, 1984లో బయటికొచ్చిన ఆ పాట వింటే వాదనలు మానేయాల్సిందే. 1990లో పెద్ద అమెరికన్ కంపెనీకి చిల్స్ చేసిన 'సబ్‌మరైన్ బెల్స్' ముచ్చటైన ఆల్బమే కానీ, ఇస్త్రీ మడత నలగని చొక్కాలా ఉంటుంది. నా ఓటు క్లీన్‌కే.

ఫ్లయింగ్ నన్ పెద్దదై, ఇంకా ముతకగా చేసేవాళ్లకు చోటు తగ్గాక, 1988లో బ్రూస్ రసెల్ డ్యునెడిన్ పక్కనే ఉన్న రేవు ఊరు పోర్ట్ చాల్మర్స్‌లో ఎక్స్‌ప్రెస్‌వే పెట్టి కేసెట్లు పోస్టులో పంపడం మొదలుపెట్టాడు. అతని సొంత బ్యాండు ద డెడ్ సి సంగీతం వింటే ఇంట్లోవాళ్లు టీవీ పాడైందని అనుకుంటారు. పేవ్‌మెంట్, యో లా టెంగో లాంటి అమెరికన్ బ్యాండ్లు డ్యునెడిన్ రుణం బాహాటంగా ఒప్పుకున్నాయి. 2009లో నాక్స్‌కు పక్షవాతం వచ్చి మాట పడిపోతే, ఆదుకోవడానికి అతని పాటలు పాడి ఆల్బమ్ తెచ్చినవాళ్లలో న్యూట్రల్ మిల్క్ హోటల్ బ్యాండు జెఫ్ మాంగమ్ ఉన్నాడు. ఇంట్లో యంత్రం పెట్టుకు కూర్చున్నవాడికి ఇంతకన్నా ఏం బిరుదు కావాలి!

ఇప్పుడు డ్యునెడిన్‌లో కొత్తవాళ్లను పట్టుకోవడం ఎలా? గ్రంథాలయంలో వెతికినట్టు కాదు, చుట్టరికం వరస కలుపుకుంటూ పోవాలి. అక్కడి డ్రమ్మర్ ఒక బ్యాండుతో తృప్తిపడడు. వెర్లేన్స్‌లో వాయించిన రాబీ యీట్సే డెడ్ సి‌లో వాయించాడు. క్లీన్ స్కాట్ ద బ్యాట్స్ కూడా నడిపాడు. కాబట్టి బ్యాండ్‌క్యాంప్ సైటులో ఊరి పేరుతో వెతికి, పాట కింద ఎవరు రికార్డు చేశారో, ఎవరు వాయించారో చదివి, ఆ పేరు పట్టుకుని ఇంకో బ్యాండుకి పొండి. ఇయన్ హెండర్సన్ నడిపిన ఫిష్‌రైడర్ రికార్డ్స్ 2011, 2014 మధ్య ఊరి బ్యాండ్ల పాటల్లో కొన్నిటిని ఏరి 'టెంపరరీ' అనే సంకలనంలో పోగేసింది. ట్రిక్ మామత్, ద ప్రాఫెట్ హెన్స్ అక్కడే దొరుకుతారు. వెర్లేన్స్ పాట పేరే పెట్టుకున్న డెత్ అండ్ ద మెయిడెన్ బ్యాండు కూడా ఆ కంపెనీదే. విద్యార్థుల రేడియో వన్ ఆన్‌లైన్‌లో వస్తుంది. అక్కడి రాత్రి ఎనిమిదిన్నర అంటే కాలాన్ని బట్టి మనకు మధ్యాహ్నం ఒంటిగంటో రెండో, భోజనంతో పాటు వినేయొచ్చు. ఊరు వెళ్లి వినాలంటే ఏటికేడు కష్టమవుతోంది. ఎన్నో బ్యాండ్లను మోసిన కెప్టెన్ కుక్ బార్ 2013లో మూతపడింది, పోర్ట్ చాల్మర్స్‌లో చిక్స్ హోటల్ 2016లో ఆగిపోయింది. పాటలు ఎక్కడ పాడుకోవాలిరా అంటే ఫోనులో అన్నట్టుంది కాలం.

ఫోనులోనే అసలు మంట. ఇలా ఇంట్లో ముతకగా చేసిన సంగీతాన్నే లోఫై అంటారు. ఆన్‌లైన్‌లో ఆ మాట కొట్టి చూడండి. సినిమా హిట్టును తీసుకుని, వేగం తగ్గించి, నూతిలోంచి వచ్చినట్టు ప్రతిధ్వని కలిపి, వెనక వాన చప్పుడు పోసి, కిటికీ పక్కన కార్టూన్ అమ్మాయి బొమ్మ అంటించి 'లోఫై వర్షన్' అంటారు. బాలు గారు శ్రుతిలో, కాలంలో నిక్కచ్చిగా నిలబెట్టిన గొంతు సాగి సాగి శ్రుతి దిగజారుతుంది. సంగీత దర్శకుడు చెమటోడ్చి కట్టిన నడక గాలికి పోతుంది. దానికి లక్షల వ్యూస్! రికార్డు మొహం ఎన్నడూ చూడని పాటలో రికార్డు గీతల చిటపటలు ఎక్కడివి? చెవి పెట్టి వినండి, చాలావాటిలో ఒకే చిటపట ముక్క కొన్ని సెకన్లకోసారి అచ్చంగా తిరిగొస్తుంది. నిజం టేపులో అలా జరగదు. కొత్త వరుస తెరుచుకున్నచోట బుస కాస్త లేస్తుంది, మూసుకున్నచోట తగ్గుతుంది, పాట ఎక్కడ కట్టారో తెలిసిపోతుంది. కొత్త బ్యాండును నేను ఎంచేది ఆ అతుకుల్ని చూసే. బుస ఎంతుందన్నది నాకు లెక్క కాదు, ఏం వదులుకున్నారో వినిపించాలి.

మనకిది పరాయి పద్ధతేం కాదు. పెద్ద స్టూడియో గడప తొక్కని జానపదాలు కేసెట్లై బస్టాండుల్లో అమ్ముడయ్యాయి. గద్దర్ పాట ఊరూరికీ చేరడంలో కేసెట్‌ది పెద్ద పాత్ర. హైదరాబాదులోనో విశాఖలోనో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని నూట ఇరవై ట్రాకుల్లో పాట తేల్చలేకపోతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీ సాఫ్ట్‌వేర్‌లో నాలుగు ట్రాకులు ఉంచి మిగతావి మూసేయండి. వెనక్కి తిప్పే బటన్ జోలికి పోకండి. తోడుకి 'బూడుల్ బూడుల్ బూడుల్' పెట్టుకోండి, ఆ తర్వాత 'డ్యునెడిన్ డబుల్', ఆపైన టాల్ డ్వార్ఫ్స్ ఏది దొరికితే అది. నచ్చితే డబ్బిచ్చి కొనండి, ఉచితంగా వినేసి ఊరుకోకండి. 'సబ్‌మరైన్ బెల్స్'తో మొదలుపెట్టమని సలహా ఇచ్చే పెద్దమనుషులు తగులుతారు. మొదటి నెల మాత్రం వాళ్ల మాట వినొద్దు.