‘సంయుక్తబీజం’ – పదనిర్మాణ పరిశీలన

స్త్రీ, పురుష సంయోగబీజాలు కలిసి ఏర్పడే తొలి కణం జైగోట్. గ్రీకులో ‘జుగోన్’ అంటే కాడి; ‘జుగోటోస్’ అంటే కాడికి కట్టినది. తెలుగు పాఠ్యపుస్తకాలలో దీనికి ‘సంయుక్తబీజం’ స్థిరపడింది. ‘సంయుక్త’లోని ‘యుజ్’ ధాతువు, గ్రీకు ‘జుగోన్’ ఒకే ఇండో-యూరోపియన్ మూలం నుండి వచ్చినవి. సంస్కృత ‘యుగ’ శబ్దానికీ కాడి అనే అర్థముంది. కనుక ఈ అనువాదం మూలపదానికి జ్ఞాతి కూడా.

చిక్కు ‘బీజం’తోనే. కలవవలసినది సంయోగబీజం, కలిసి ఏర్పడినది సంయుక్తబీజం. ఈ భేదాన్నంతా ‘ఘఞ్’, ‘క్త’ ప్రత్యయాలే మోస్తున్నాయి. వ్యాకరణం చదవని జీవశాస్త్ర విద్యార్థికి అది అందదు. పైగా సిద్ధబీజమూ బీజమే!

1902లో బేట్సన్ ప్రవేశపెట్టిన ‘హోమోజైగోట్’, ‘హెటిరోజైగోట్’ పదాలకు సంబంధించి తెలుగులో సమయుగ్మజం, విషమయుగ్మజం వాడుకలోకి వచ్చాయి. ధాతువు ఒకటే అయినా, ఆంగ్లంలో పైకి కనిపించే బంధుత్వం ఇక్కడ మరుగునపడింది. జైగోట్‌ను ‘యుగ్మజం’ అని ఉంటే ఆ బంధుత్వం నిలిచేది, బీజాల గందరగోళమూ తప్పేది.