చక్కెరను పసికట్టు కుక్క: ఒక విమర్శ

బొబ్బిలి చేరువనున్న గొల్లపల్లిలో వీణలు చేయువారు పనసదుంగను తొలిచి, కుండను, దండిని ఒకే మ్రానినుండి తీయుదురు. అట్టి పనివాడొకడు మధుమేహమునకు ఇన్సులిన్ తీసికొనుచున్నాడనుకొందము. వైశాఖపుటెండలో ఒడలెల్ల చెమట పట్టును, చేయి వణకును. అది ఎండ వలననా, రక్తములోని చక్కెర తగ్గుట వలననా? చేతిలో ఉలి యున్నప్పుడు ఇది చిన్న ప్రశ్న కాదు. వ్యాధి వచ్చి చాల యేండ్లయినచో కొందరికి ఆ చెమటయు, వణకును సయితము రాకుండ పోవును. అప్పుడు హెచ్చరిక లేకయే స్మృతి తప్పును. నిద్రలో నైనచో అపాయము మరింత హెచ్చు.

ఈ అపాయమును వాసనచేత ముందుగా కనిపెట్టి చెప్పుటకు కుక్కలకు శిక్షణ ఇయ్యవచ్చునని పాశ్చాత్య దేశములలో చాలకాలముగా చెప్పుచున్నారు. కుక్క యజమానిని కాలితో గోకును, మూతితో పొడుచును, పరీక్షపెట్టెను నోట కరచి తెచ్చును. వినుటకు ఇంపుగనే యున్నది. ఇంపైన మాట గనుకనే గట్టిగ పరీక్షింపవలసి యున్నది.

మధుమేహశాస్త్రము కుక్కకు ఋణపడియున్న మాట నిజమే. 1889లో స్ట్రాస్‌బర్గు నగరమున మింకోవ్‌స్కీ, ఫాన్ మేరింగులు ఒక కుక్క క్లోమమును తీసివేయగా దానికి మధుమేహము వచ్చెను. 1921లో టొరంటోలో బాంటింగు, బెస్టులు తమ క్లోమసారమును మొదట ప్రయోగించినది కుక్కల మీదనే. కాని ఆ కృతజ్ఞతను నేటి కుక్క ముక్కునకు యోగ్యతాపత్రముగ చూపుట తగదు. కొన్ని ప్రచార రచనలు చేయుచున్న పని ఇదియే.

అసలు అట్టి వాసన యున్నదా? 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు మొదటి రకపు మధుమేహముగల ఎనమండుగురు స్త్రీల రక్తశర్కరను మెల్లగా తగ్గించి వారి ఊపిరిని పరిశీలించిరి. ఐసోప్రీను అను పదార్థము అందులో హెచ్చెను. కొందరిలో ఇంచుమించు రెట్టింపయ్యెను. దానిని కుక్క గుర్తించుట అసంభవము కాదు. అయినను ఆ ప్రయోగములో కుక్క లేదు. కుక్క పట్టునది ఐసోప్రీనునే యని దానివలన తేలలేదు.

2008లో బెల్‌ఫాస్టు నుండి వెలువడిన పరిశీలనలో 212 మంది కుక్కల యజమానులను ప్రశ్నింపగా, నూటికి 65 మంది తమ కుక్క ఒక్కసారియైనను చక్కెర పడిపోవుటను గుర్తించినదనిరి. అవి శిక్షణలేని పెంపుడు కుక్కలు. ఇచ్చట సాక్షి యజమాని జ్ఞాపకము. కుక్క మీదపడి లేపిన రాత్రి ఎన్నటికిని మరపురాదు. ఊరకే మీదపడిన రాత్రులను ఎవరు లెక్కపెట్టిరి?

ఆ లెక్క కొంత కట్టినది 2017లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధన. శిక్షిత కుక్కలుగల ఎనమండుగురికి, చర్మము క్రింది ద్రవములో గ్లూకోజును ఎడతెగక కొలుచు పరికరమును తగిలించిరి. చక్కెర పడిన సందర్భములలో నూటికి 36ను మాత్రమే కుక్కలు గుర్తించెను. అవి చేసిన నూరు హెచ్చరికలలో నిజమైనవి 12. కుక్కయు పరికరమును రెండును గుర్తించినపుడు నాలుగింట మూడు వంతులు పరికరమే ముందుగ కనిపెట్టెను. ఆ వ్యవధి మధ్యస్థముగ 22 నిమిషములు. అయినను యజమానుల సంతృప్తి పదికి దాదాపు తొమ్మిది! కుక్క తోడునకు విలువ లేదనరాదు, కాని తోడు వేరు, కొలత వేరు.

దీనికి ఎదురుగ 2019లో బ్రిస్టలు పరిశోధకురాలు రూనీయు, సహచరులును 27 కుక్కలను పరిశీలించి, చక్కెర పడుటను గుర్తించుటలో వాని మధ్యస్థ సామర్థ్యము నూటికి 83 అని ప్రకటించిరి. ఇంత భేదమేల? ఇచ్చట లెక్క యజమానులు వ్రాసికొన్న రక్తపరీక్షల మీద ఆధారపడినది. కుక్క హెచ్చరించినపుడు పరీక్ష తప్పక చేయుదురు. అది మిన్నకున్నపుడు పరీక్ష అరుదు. కాగా కుక్క తప్పిపోయిన సందర్భములు కొన్ని లెక్కకే రావు. పైగా గ్రంథకర్తలలో కుక్కలకు శిక్షణనిచ్చు సంస్థవారును ఉన్నారు. అంతమాత్రమున ఫలితము అబద్ధము కాదు. కుక్కకును కుక్కకును నడుమ చాల వ్యత్యాసము కలదని ఆ పరిశోధనయే ఒప్పుకొన్నది. అయితే ఒక రోగి కొనునది సగటును కాదు, ఒక కుక్కను.

2023లో ప్రకటితమైన అఖిలభారత సర్వే ప్రకారము దేశమున మధుమేహులు సుమారు 10 కోట్లు. వీరందరికిని ఈ భయము సమానము కాదు. ఇన్సులిన్ గాని, గ్లిబెన్‌క్లమైడు, గ్లిమిపిరైడు వంటి మాత్రలు గాని వాడువారికే ముఖ్యముగ చక్కెర పడును. ఒక్క మెట్‌ఫార్మిను వాడువారికి అరుదు. ఎడతెగక కొలుచు పరికరము మేలైనదే, కాని రెండు వారములు పనిచేయు తునకకు వేల రూపాయలు పెట్టుట బొబ్బిలి ప్రాంతపు చేతిపనివానికి సులభము కాదు. శిక్షిత కుక్క వెల అంతకన్న దూరము.

అట్టివాడు ఉలి పట్టుటకు ముందు వ్రేలిని గ్రుచ్చి చూచుకొనుట, ప్రొద్దున చోడి అంబలి త్రాగక ఇన్సులిన్ వేసికొని పనికి కూర్చుండకుండుట అంతకన్న దగ్గరి ఉపాయములు. చక్కెర 70 మిల్లీగ్రాములకన్న తగ్గినచో మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగి, పావుగంటకు మరల చూచుకొనవలెను. స్మృతి తప్పినవాని నోట ఏమియు పోయరాదు. వెంటనే వైద్యుని కడకు చేర్చవలెను. ఇది ఇంటివారికిని తెలిసియుండవలెను. వీణ మీటువారు వ్రేలికొనను విడిచి ప్రక్కన గ్రుచ్చుకొన్నచో నొప్పియు తక్కువ, తీగెమీది స్పర్శకును అడ్డు రాదు.