అద్దం లేచేలోపు

తలంబ్రాలు తీసే అర నిమిషం ఫొటోగ్రాఫరుకు పరీక్షే. గాల్లో బియ్యం, వెనక పచ్చటి బల్బుల వెలుగు, పక్కనుంచి కళ్లలో పడే వీడియో లైటు. పెళ్లికూతురు నవ్వుతూ తల వంచేసిందంటే ముఖమే కనబడదు. ఇలాంటిచోట లెన్సు మంచిదైతే చాలని చాలాకాలం నమ్మాను. 2020 మొదట్లో కానన్ తెచ్చిన ఎస్‌ఎల్‌ఆర్ కెమెరా 1డీఎక్స్ మార్క్-3 ఎలా పనిచేస్తుందో అర్థమయ్యాక ఆ నమ్మకం సడలింది.

ఎస్‌ఎల్‌ఆర్‌కి పుట్టుకతోనే ఒక చిక్కుంది. అద్దం దించి ఉన్నంతసేపూ ఫొటో తీసే సెన్సర్ చీకట్లోనే ఉంటుంది. లెన్సులోంచి వచ్చిన వెలుగులో ఎక్కువ భాగం అద్దం మీంచి పైకి, వ్యూఫైండర్‌కి పోతుంది. కొంచెం అద్దంలోంచి దూరి, వెనకున్న బుల్లి అద్దం మీద పడి, అడుగునున్న ఫోకస్ సెన్సర్‌కి దిగుతుంది. షట్టర్ తెరుచుకునేదాకా ఎదురుగా ఎవరున్నారో అసలు సెన్సర్‌కి తెలియదు. దాని బదులు ఇంకెవరో చూస్తూ ఉండాలి.

ఈ కెమెరాలో ఆ కాపలా పని డిజిక్ 8 అనే ప్రాసెసర్‌ది. వ్యూఫైండర్ దగ్గర వెలుతురు కొలిచే సెన్సర్ ఒకటుంది. సుమారు 4,00,000 పిక్సెళ్ల ఆ చిన్న బొమ్మను చదివి, మనిషి తల ఎక్కడుందో ఈ ప్రాసెసర్ వెతుకుతుంది. ముఖం కాదు, తల. హెల్మెట్ పెట్టుకున్నా, గాగుల్స్ కట్టుకున్నా ఆటగాడి తలను పోల్చుకునేలా డీప్ లెర్నింగ్‌తో దాన్ని తయారుచేశారు. తల దొరికితే, 191 ఫోకస్ పాయింట్లలో దానికి తగినదాన్ని పట్టుకుంటుంది. ముందు వచ్చిన మార్క్-2లో ఆ పాయింట్లు 61 మాత్రమే.

దీనికున్న వ్యవధి చూడండి. ఈ కెమెరా సెకనుకు తీసే 16 ఫ్రేములంటే ఒక్కోదానికి సుమారు 62 మిల్లీసెకన్లు. అంతలోనే అద్దం లేవాలి, షట్టర్ తెరుచుకుని మూసుకోవాలి, అద్దం దిగాలి, దిగినప్పటి అదురు ఆగాలి. ఇక మిగిలిన కాస్త సమయంలోనే తల ఎటు జరిగిందో చూసి లెన్సుకు కబురు పంపాలి. మనకు వినబడేది టకటకమనే శబ్దం మాత్రమే.

బొమ్మను తయారుచేసే పని రెండో ప్రాసెసర్‌ది, డిజిక్ ఎక్స్‌ది. సెన్సర్ మీదున్న 2 కోట్ల పిక్సెళ్లలో ఒక్కోదానికి తెలిసేది ఒక్క రంగే: ఎరుపో, పచ్చో, నీలమో. మిగతా రెండూ చుట్టుపక్కల పిక్సెళ్లను అడిగి లెక్కగట్టాలి. అంటే మనం మురిసిపోయే ఫొటోలో మూడింట రెండు వంతుల రంగు ప్రాసెసర్ కట్టిన లెక్కే! ఒక్కో పిక్సెల్‌కి 14 బిట్లు వేసుకుంటే ఫ్రేముకు 35 మెగాబైట్లు, 16 ఫ్రేములకు సెకనుకు 560 మెగాబైట్ల పైమాట. ఆ వరదను ఆగకుండా దాటించినందుకే, వేగమైన కార్డు వేస్తే, వరుసగా 1,000కి పైగా రా ఫైళ్లు (కెమెరా దిద్దని ముడి ఫొటోలు) తీయగలుగుతుంది. మార్క్-2 దాదాపు 170 దగ్గర ఆయాసపడేది.

వేగం కన్నా నన్ను కట్టిపడేసింది నాయిస్‌ను తీసేసే తీరు. వెలుతురు చాలనిచోట చుక్కల్ని చెరిపెయ్యడం ఏ ప్రాసెసరైనా చేస్తుంది. పక్క పిక్సెళ్లతో సగటు తీస్తే సరి, చుక్క పోతుంది. దాంతోపాటు పట్టుచీర జరీ పోగూ పోతుంది. చాటతో చెరగడం తెలిసిన చేతిలో పొట్టు ఎగిరిపోతుంది, గింజ నిలుస్తుంది. ప్రాసెసర్‌కి కావలసిందీ ఆ విద్యే. దానికి చుట్టూ ఇంకా దూరం చూడాలి, అంచులు ఎటు సాగుతున్నాయో గమనించాలి, ఆ తర్వాతే చెరపాలి. పాత చిప్‌లకు అంత తీరిక ఉండేది కాదు. లెక్కల వేగం పెరిగేకొద్దీ ఆ తీరిక చిక్కింది.

ఒక మాట ఒప్పుకోవాలి. రా ఫైల్ తీసుకుని కంప్యూటర్‌లో దిద్దుకునేవాళ్లకు ఈ చెరుగుడు వల్ల ఒరిగేది తక్కువ. వాళ్లకు దక్కేది వేగం, గురి తప్పని ఫోకస్. మ్యాచ్ ముగియకముందే పత్రికకు ఫొటో పంపాల్సినవాళ్లకు మాత్రం కెమెరా ఇచ్చిన బొమ్మే తుది బొమ్మ. అందుకే ఇందులో జేపెగ్‌తోపాటు 10 బిట్ల హైఫ్ ఫైలునూ పెట్టారు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లుంటే హైఫ్‌లో 1,024. సాయంకాలపు ఆకాశం చారలు చారలుగా విరిగిపోకుండా నిలబడేది ఆ మెట్ల వల్లే. ఇక 8,19,200 ఐఎస్‌వో అనే వెలుగు సున్నితత్వపు అంకె ప్రకటనల్లో రాసుకోవడానికే. నాకైతే దానితో పని లేదు.

2021 చివర్లో కానన్ అధిపతి ఫుజియో మితరాయ్, తమ అగ్రశ్రేణి ఎస్‌ఎల్‌ఆర్‌లలో ఇదే చివరిదని చెప్పేశారు. డిజిక్ ఎక్స్ పేరుతో వచ్చిన చిప్‌లు ఆపాటికే అద్దం లేని ఆర్5, ఆర్6లలోకి చేరిపోయాయి. ఎప్పుడైనా ఒక పాత మార్క్-3 మీ చేతికొస్తే, ఐఎస్‌వో 12,800 దగ్గర పెట్టి, జరీ అంచు చీరను ఒక్క జేపెగ్ తీసి, పెద్దది చేసి చూడండి.