సీ బుక్కు లేని బండి

మా ఊళ్ళో ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక ఫియట్ ఉంది. నాలుగు టైర్లూ నేలకి అతుక్కుపోయాయి. బానెట్ కింద పిల్లి ఈనింది. వెనక సీటు నిండా ఖాళీ గోతాలు. నాన్నగారు పోయి పదకొండేళ్ళు. అంతకు ఆరేళ్ళ ముందే బండి కదలడం మానేసింది. ఈ సంక్రాంతికి అమ్మ తేల్చి చెప్పేసింది: "దాన్ని వదిలించరా. పాములు చేరుతున్నాయి."

పాత ఇనుము వాణ్ణి పిలిస్తే సరిపోతుందనుకున్నాను. వచ్చాడు. చుట్టూ తిరిగి, డోరు మీద వేలితో టకటకా కొట్టి, రేకు మందానికి ముచ్చటపడ్డాడు. ఇప్పటి బళ్ళకి ఈ రేకు ఎక్కడిది? తర్వాత అడిగాడు: "సీ బుక్ ఉందాండీ?"

లేదన్నాను. ఇప్పుడందరూ ఆర్‌సీ అంటారు గానీ, మా వైపు ఇప్పటికీ అది సీ బుక్కే. అప్పుడు తెలిసింది, ఇనుముకి మూడు రేట్లున్నాయని. బుక్కు లేకపోతే ఒక రేటు. ఉంటే దానికి దాదాపు రెట్టింపు. బుక్కుతో పాటు చాసిస్ నంబరున్న రేకు ముక్క కూడా వదిలేస్తే మూడో రేటు, అది మరీ ఎక్కువ. కాటా మీద ఆ ముక్క పావు కిలో కూడా తూగదు.

"నలభై ఏళ్ళ ఫియట్ నంబరుతో ఎవడేం చేసుకుంటాడు బాబాయ్?" అని మా మెకానిక్‌ని అడిగి నవ్వాను. ఆయన నవ్వలేదు. అదే మోడలు, అదే రంగు దొంగబండి ఒకటి దొరికితే, చచ్చిన బండి నంబరు కోసి దానికి అతికిస్తారట. చచ్చింది లేచి తిరుగుతుంది. అది ఎక్కడో ఎవర్నో గుద్దితే పోలీసులు వచ్చేది బుక్కులో పేరున్న వాడింటికి. "ఫియట్‌కి కాదులే, మారుతీలకీ సుమోలకీ ఎక్కువ" అని కాస్త ఊరట కలిగించాడు.

అంటే ఇన్నాళ్ళూ నేను వదిలించుకోవాలనుకున్నది ఇనుముని. వదిలించుకోవాల్సింది నంబరుని. 1988 మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెప్పేదీ ఇదే. బండి నాశనమైనా, ఇక ఎప్పటికీ పనికిరాకుండా పోయినా, 14 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకి తెలిపి సీ బుక్కు అప్పజెప్పాలి. వాళ్ళు రిజిస్ట్రేషన్ కొట్టేస్తేనే బండి చచ్చినట్టు. బుక్కు లేనివాడి బండికి చావు కూడా లేదు.

నాన్నగారి ట్రంకుపెట్టె దించాం. పెట్రోలు బిల్లులు, పొల్యూషన్ చీటీ, స్టెఫినీకి గాలి కొట్టించిన రసీదు కూడా ఉంది. గాలికి రసీదు దాచిన మనిషి సీ బుక్కు ఎక్కడ పెట్టాడో దేవుడికే తెలియాలి. అడుగున 1994 నాటి ఇన్సూరెన్సు కాగితం దొరికింది. ప్రాణం లేచొచ్చింది. పేరు చదివితే అది నాన్నగారిది కాదు. 1991లో ఆయన ఎవరి దగ్గర బండి కొన్నారో ఆ గుంటూరు డాక్టరు గారిది.

అప్పట్లో అందరూ అంతే. 29, 30 ఫారాల మీద అమ్మినవాడు ఖాళీగా సంతకాలు చేసిచ్చేవాడు, కొన్నవాడు వాటిని మడిచి బీరువాలో పెట్టుకునేవాడు. పేరు మార్పించడం రేపటి పని. ఆ రేపు రాకముందే బండి ఇంకో చేయి మారేది. ఇదంతా మర్యాదస్తుల మధ్య నమ్మకం అనుకునేవాళ్ళం. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఆ నమ్మకానికి ధర కట్టింది: బండి ఎన్ని చేతులు మారినా, రిజిస్టర్లో ఎవరి పేరుంటే వాళ్ళే ఓనరు, నష్టపరిహారం వాళ్ళ మీదకే.

డాక్టరు గారూ లేరు. వాళ్ళమ్మాయి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. సంగతంతా విన్నాక ఆవిడ అడిగిన మొదటి మాట: "బండికి యాక్సిడెంట్లు ఏమీ కాలేదు కదండీ?" లేదన్నాక గాని గొంతు తేలికపడలేదు. సంతకం పెడతానన్నారు. తమ్ముడు అమెరికాలో ఉన్నాడట, అతని అఫిడవిట్ కూడా కావాలి.

దారైతే ఉంది. నంబరు పట్టుకుని ఆఫీసులో బండ్ల వివరాలుండే బి రిజిస్టరు ఎక్స్‌ట్రాక్ట్ తీయించాలి. పోయిన బుక్కుకి పోలీసు రిపోర్టు, డూప్లికేటుకి ఫారం 26. ఓనరు పోతే వారసులు 31వ ఫారం పెట్టుకోవాలి, దానికి మూడు నెలల గడువు. మేం ఆ గడువు దాటి ఎన్నేళ్ళయిందో లెక్క వేయడం మానేశాను. మాది 1989కి ముందు నంబరు, మూడక్షరాలు నాలుగంకెలది. కాబట్టి కంప్యూటర్లో కాదు, అట్ట ఊడిన రిజిస్టర్లో వెతకాలి. తీరా దొరికిన ఎక్స్‌ట్రాక్ట్‌లో పేరు కింద ఒక ముద్ర: హెచ్‌పీ. డాక్టరు గారు ఫైనాన్స్‌లో కొన్నారన్నమాట. అప్పు తీరిపోయే ఉంటుంది. తీరిందని 35వ ఫారం మీద సంతకం పెట్టాల్సిన ఫైనాన్స్ కంపెనీ ఇప్పుడు లేదు. అది ఉన్న మేడ కింద బిర్యానీ హోటలుంది.

2021 రూల్సు ప్రకారం పెట్టిన తుక్కు కేంద్రాల్లో పని శుభ్రంగా చేస్తారు. దొంగబళ్ళ జాబితాతో సరిచూస్తారు, నూనెలూ బ్యాటరీ తీసి విడిగా పెడతారు, డిపాజిట్ సర్టిఫికెట్టు ఇస్తారు. దాంతో కొత్త బండి పన్నులో రాయితీ కూడా దొరకొచ్చు. కానీ అక్కడా మొదటి ప్రశ్న సీ బుక్కే.

మా పెదనాన్న కొడుకు బాగు చేయించి తిప్పుదామంటాడు. బొంబాయిలో ఈ ఫియట్ జాతివే అయిన పద్మిని ట్యాక్సీలు ఆగిపోయిన రోజు, 2023 అక్టోబర్లో, జనం ఫొటోలు దిగారని పేపర్లో చదివినప్పటి నుంచి వాడికి ఈ జబ్బు. ఇరవై ఏళ్ళు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 2025 ఆగస్టు నుంచి పదివేలు. ఆ మాట చెప్పాక వాడు ఫోన్ చేయలేదు.

పాత ఇనుము వాడు ఇంకా వస్తున్నాడు. మూడో రేటు ఓ వెయ్యి పెంచాడు కూడా. ఆశ పడలేదని చెప్పను.

నిన్న మెకానిక్ బాబాయ్ చాసిస్ ప్రింటు తీయడానికి వచ్చాడు. పిల్లిని బతిమాలి పంపించి, బానెట్ ఎత్తి, రేకు మీద గుద్దిన అంకెల పైన పల్చటి కాగితం పెట్టి పెన్సిలు అడ్డంగా పట్టుకుని రుద్దాడు. బొగ్గురంగులో ఒక్కో అంకే తేలింది. ఆఖరుదాని దగ్గర ఆగాడు. రిజిస్టర్లో ఎనిమిది. కాగితం మీద మూడులా ఉంది. తుప్పు తిన్నది సగం అంకెనా, లేక మొదట్నించీ మూడేనా? డీజిల్లో ముంచిన గుడ్డతో రుద్దాడు, టార్చి వేసి చూశాడు, మళ్ళీ రుద్దాడు.

"ఏమంటావ్ బాబాయ్?"

"పెన్సిలు మొద్దుబారింది. బ్లేడుందా ఇంట్లో?" అన్నాడు.