చందా కట్టేవారూ, గుమ్మం బయటివారూ

మన సంఘం ఉగాది విందుకు సభ్యులకొక టిక్కెట్టు ధర, కానివారికొక ధర. ఎందుకిలా అని అడిగేవారి చేతిలో మాన్కర్ ఓల్సన్ 1965లో ప్రచురించిన "ద లాజిక్ ఆఫ్ కలెక్టివ్ యాక్షన్" పెట్టవచ్చు. మొదటి అధ్యాయంలో కాస్త గణితం ఉంది; దాటేసి చదివినా నష్టం లేదు.

ఆయన వాదన ఇది. అందరికీ దక్కే మేలు కోసం, గుంపు పెద్దదైతే, తన లాభం చూసుకునే మనిషి చెయ్యి కదపడు. తాను కట్టకపోయినా ఫలం వస్తే తనకూ వస్తుంది. తానొక్కడు కట్టినంత మాత్రాన రాదు. కనుక పెద్ద సంఘం నిలవాలంటే సభ్యులకు మాత్రమే అందే లాభమో, బలవంతమో ఉండాలి.

ఆయన చూపిన ఉదాహరణల్లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఒకటి. వైద్యులు చేరేది రాజకీయం కోసం కాదట. పత్రిక కోసం, సభల కోసం, రోగి దావా వేస్తే అండ కోసం. రాజకీయ బలం పంచదార మిల్లులో మొలాసిస్‌లా పక్కనుంచి వచ్చేదట. మా డాక్టర్లను బాగానే పట్టుకున్నాడని నవ్వుకున్నాను.

కాని మొలాసిస్ నుంచే సారా వస్తుంది. ట్రూమన్ తలపెట్టిన జాతీయ ఆరోగ్య బీమాను అడ్డుకోవడానికి ఆ సంఘం 1948 డిసెంబరులో సభ్యులపై తలా 25 డాలర్ల ప్రత్యేక చందా వేసింది. బీమా రాలేదు. బిల్లుకు భయపడి డాక్టరు గడప తొక్కని రోగి దృష్టిలో అసలు సరుకు అదే. వృద్ధులకైనా మెడికేర్ చట్టమైంది 1965లో, ఈ పుస్తకం వచ్చిన ఏడే.

ఇంకొక సంగతి. ఆ సంఘంలో చేరాలంటే అప్పట్లో స్థానిక వైద్య సంఘం ద్వారానే చేరాలి. దక్షిణ రాష్ట్రాల్లో చాలాచోట్ల ఆ స్థానిక సంఘాలు నల్లజాతి వైద్యులను రానివ్వలేదు. సభ్యత్వం లేకపోతే ఎన్నో ఆస్పత్రుల్లో రోగుల్ని చేర్చే అనుమతీ లేదు. వారు 1895లోనే వేరే సంఘం పెట్టుకున్నారు. పెద్ద సంఘం క్షమాపణ చెప్పింది 2008లో.

ఓల్సన్ బలవంతం మాట ఎత్తకపోలేదు. కాని ఆయన లెక్క, చేరాలా వద్దా అని తేల్చుకునే మనిషితో మొదలవుతుంది. ఆ ప్రశ్న వేసుకునే వీలే లేనివాడు లెక్కలోకి రాడు. సంఘాల బలం గురించిన పుస్తకంలో ఇది చిన్న లోపం కాదని నా అభిప్రాయం.

పోయిన ఉగాదికి గుమ్మం దగ్గర టిక్కెట్టు ధర చూసి ఒక విద్యార్థి దంపతులు వెనక్కి వెళ్ళారు. వచ్చే కార్యవర్గ సమావేశంలో ఆ రెండో ధర సంగతి ఎత్తుతాను.