ఏరు దాటే ప్రభలు

పుష్యమాసంలో పొద్దున పూట కోనసీమ కంటికి ఆనదు. కాలవగట్లు, కొబ్బరి తలలు, దాళ్వా నాట్లు పడ్డ చేలు అన్నీ మంచులోనే. ఈ చలికాలంలోనే ఇక్కడ ఊపిరి బిగబట్టి చేసే పని ఒకటుంది. కనుమనాడు అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గరున్న జగ్గన్నతోటకు ప్రభలను, అంటే శివుణ్ణి నిలిపి అలంకరించిన వెదురు చట్రాలను, మోసుకెళ్లడం. భక్తి సంగతి భక్తులకే వదిలేస్తాను. నా కన్ను మాత్రం ఆ పనితనం మీద.

ఆ రోజు చుట్టుపక్కల పదకొండు ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు బయల్దేరతారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, ముక్కామల, పాలగుమ్మి, ఇలా ఊరికో శివుడు. వాళ్లు కలుసుకునే తోటలో గుడి లేదు, గోపురం లేదు, ఉన్నవి కొబ్బరిచెట్లే. నాలుగు వందల ఏళ్ల నాటి ఆనవాయితీ అని ఊళ్లలో చెప్పుకుంటారు. మొసలపల్లి భోగేశ్వరుడిది ఆతిథ్యం. వ్యాఘ్రేశ్వరుడు రాగానే, అప్పటికే దించి ఉంచిన ప్రభలన్నిటినీ ఒక్కసారి పైకెత్తి మర్యాద చేస్తారు. పెద్దవారు వస్తే అరుగు మీదివాళ్లు లేచి నిలబడరూ, అదే.

ప్రభ కట్టడంలో మొదటి సూత్రం, అది కదలాలి. అడుగున పొడవాటి దూలాలు, వాటికి అడ్డంగా మోత కర్రలు. వాటి మీద వెదురు బొంగులు నిలబెట్టి, పైన బద్దలను అర్ధచంద్రంలా వంచుతారు. వెదురు పచ్చి మీద ఉన్నప్పుడే చెప్పినట్టు వంగుతుంది, ఎండితే పుటుక్కున విరుగుతుంది. మేకు దిగితే బొంగు చీలుతుంది కాబట్టి తాడుకట్టే నమ్మకం. పైగా దారి పొడవునా ఊగుతూ పోయే దానికి కాస్త సాగే కట్టు ఉంటేనే మేలు. చట్రం నిలిచాక రంగురంగుల గుడ్డలు చుడతారు. నెమలి పింఛాలు, గంటలు, పూలు, కొత్త వరికంకుల కుచ్చులు కడతారు. నడుమ స్వామి.

ఇందాకటిదాకా కొబ్బరిచెట్ల చాటున నిలకడగా వచ్చిన ప్రభ చేలోకి దిగగానే గాలి పడుతుంది. చుట్టిన గుడ్డంతా తెరచాప అయిపోతుంది. అప్పుడు పని మోతగాళ్ల భుజాలది. పొట్టివాళ్లూ పొడుగువాళ్లూ ఎదురుబొదురుగా పడితే బరువంతా ఒక మూలకు దిగుతుంది, అందుకే ఎత్తు చూసి జత కలుపుకుంటారు. అడుగు తప్పకుండా ఉండేందుకు కేక ఉంది: ‘అశ్శరభ, శరభ!’ శరభం అంటే సింహమూ పక్షీ కలిసిన మృగం. ఉగ్రనరసింహుణ్ణి శాంతింపజేయడానికి శివుడు ఎత్తిన రూపమని శైవులు చెబుతారు. తమిళనాట దారాసురం గుడిలో ఆ మృగం రాతిలో నిలబడి ఉంది. ఇక్కడ దాన్ని ఎవరూ చెక్కలేదు. వందమంది గొంతులో పుట్టి, పైన పింఛాలు ఊగేంతసేపూ బతుకుతుంది. అటు అంతర్వేదిలో నరసింహుడికి మొక్కి, ఇటు శరభాన్ని పిలవడంలో కోనసీమవాళ్లకు పేచీ ఏమీ కనిపించదు.

అసలు పరీక్ష కౌశిక ఏటి దగ్గర. గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు తోటకు చేరాలంటే ఎగువ కౌశిక దాటాలి. గట్టు దిగేటప్పుడు ముందువాళ్లు కిందికి పోతారు, వెనకవాళ్లు పైనే ఉంటారు. ప్రభ ముందుకు తూలకుండా ముందువాళ్లు చేతులు చాచి దూలాన్ని పైకెత్తాలి, వెనకవాళ్లు కుంగాలి. నీళ్లు గుండెల దాకా వస్తాయి. కింద బురద, అడుగు ఎక్కడ పడుతుందో తెలియదు. అవతలి గట్టు ఎక్కేటప్పుడు లెక్క తిరగబడుతుంది, ఇప్పుడు చేతులు చాచాల్సింది వెనకవాళ్లు. ఒడ్డున ఈలలు, డప్పులు, గరగలు. దారిలో నాట్లు తొక్కుడుపడ్డా రైతు ఏమీ అనడు, స్వామి తన చేలో నడిచాడనే మురుస్తాడు.

ప్రభలు మన దగ్గర వేరే చోట్లా ఉన్నాయి. కొత్తపేటలో సంక్రాంతి నాటి తీర్థానికి బాణసంచా పేరు. పల్నాడులో కోటప్పకొండ శివరాత్రి ప్రభలు ఆకాశాన్ని అంటుతూ, ఒళ్లంతా కరెంటు దీపాలతో చక్రాల మీద వస్తాయి. చూడ్డానికి అవే ఘనం. కానీ ఆ ఎత్తున్న ప్రభ కౌశికలో దిగలేదు. జగ్గన్నతోట ప్రభకు దాని కొలత ఇచ్చింది ఆ ఏరే, ఆ సన్నగట్లే, కొబ్బరిమట్టల కింద ఉన్న ఆ కాస్త సందే. ఎవరో ఒక శిల్పి గీసుకున్న కొలత కాదది.

2023 గణతంత్ర దినోత్సవానికి ఆంధ్రప్రదేశ్ శకటంగా ఈ ప్రభల తీర్థమే ఢిల్లీలో కర్తవ్యపథ్ మీద నడిచింది. గర్వమే. అయితే నున్నటి రోడ్డు మీద బండిపై సాగిన ప్రభకు ఊగే పనే లేదు. ఏరు దాటే ప్రభను చూడాలనుకునేవాళ్లు కనుమనాడు మధ్యాహ్నానికే అంబాజీపేట చేరుకోండి. తోటలో ఇసుక వేస్తే రాలనంత జనం, అక్కడికి తర్వాత వెళ్లొచ్చు. ముందు గంగలకుర్రు వైపు ఏటిగట్టు మీద చోటు చూసుకోండి. పాత చెప్పులు వేసుకుంటే మంచిది, ఆ బురద వదలదు.