నీటి మీద నిప్పు

సింగపూరు చోవా చూ కాంగ్‌లో రైలెక్కితే రెండో స్టేషను నువ్వే, క్రాంజీ. ఆటుకు నీరు తీసేస్తే నీ మడచెట్ల ఊపిరి వేళ్లు అడుసులోంచి మేకుల్లా పైకి లేస్తాయి. వాటి మధ్య బురదచేప ఒకటి ముందు రెక్కల మీద డేకుతూ వచ్చి, నెత్తి మీది కళ్లు మిటకరించి నన్ను చూస్తుంది. అవతల జొహోర్ బహ్రూ మేడలు. మధ్యన జలసంధి. రాజమండ్రి దగ్గర గోదావరి అంత వెడల్పు కూడా లేదు.

నీ అడుసుకు దండం. 1942 ఫిబ్రవరి 9 రాత్రి జపాను ఇంపీరియల్ గార్డ్స్ పడవల్లో నీ మీదికే వచ్చారు. నీ ఆటు వాళ్లను మోకాటి లోతు బురదలో దించింది. నీ మడ వాళ్లకు దారి తప్పించింది. ఒడ్డున ఆస్ట్రేలియా వాళ్ల మెషిన్ గన్లు. తెల్లవారుజామున నిల్వ ట్యాంకుల్లోంచి వదిలిన చమురు నీ నీళ్ల మీద పరుచుకుని భగ్గుమంది. మనుషులు నీళ్లలో ఉండి కాలిపోయారు. గార్డుల సేనాని నిషిమురా ఇక దాడి మానేస్తానన్నాడు.

నీ నిప్పుకూ దండం పెట్టాలనే ఉంది, చెయ్యి లేవదు.

నీకో అక్క ఉంది, ఫ్రాన్సు ఒడ్డున, కలే రేవు. 1588 ఆగస్టు 7 రాత్రి, ఇంగ్లండు మీదికి స్పెయిన్ రాజు పంపిన నౌకాదళం అక్కడ లంగరేసుకుని ఉంది. బయల్దేరినప్పుడు 130 ఓడలు. సముద్రం నా ఒంటికి పడదు మహాప్రభో అని ముందే మొరపెట్టుకున్న మెదీనా సిదోనియా వాటికి నాయకుడు. ఇంగ్లీషువాళ్లు ఎనిమిది ఓడలకు నిప్పంటించి గాలివాటున వదిలారు. స్పెయిన్ ఓడ ఒక్కటీ అంటుకోలేదు! భయానికే లంగరు తాళ్లు తెగనరుక్కున్నారు. గాలి ఉత్తరానికి తోసింది. స్కాట్లండు చుట్టి, ఐర్లండు రాళ్లకు కొట్టుకుని, ఇల్లు చేరినవి దాదాపు సగం.

అక్కడ ఎవరినీ కాల్చని మంట గెలిచింది. నీ మంట కాల్చి కూడా ఓడింది. నీ తప్పు కాదులే. నీ ఒడ్డు కాయాల్సిన దళాన్ని బ్రిగేడియర్ మాక్స్‌వెల్ అదే రాత్రి వెనక్కి పిలిచేశాడు. శత్రువు జంకిన సంగతి చూడ్డానికి అక్కడ ఎవరూ మిగల్లేదు. 10వ తేదీ రాత్రికి, సరింబున్‌లో దిగిన జపాను దండు మా చోవా చూ కాంగ్ రోడ్డు పట్టుకుని బుకిట్ తిమా వైపు నడిచింది. 15న సింగపూరు లొంగిపోయింది.

పోటు మొదలైంది. బురదచేప వేరెక్కి కూచుంది.